బొగ్గుల గదిలో దగ్గు

ఆ సెలవు పొద్దున్న వరహాలు అనుకున్నది ఒకటే: కోడికూర తిని తొంగోవాలని. టాటానగర్‌లో రైల్వే క్వార్టర్ అతనిది. వెనక గది మాత్రం గోల్‌మురిలో పనిచేసే బలరామ్‌కి గుట్టుగా అద్దెకిచ్చేడు. రైల్వేవోళ్లకి తెలిసిందంటే క్వార్టర్ ఊడిపోద్ది. అందుకే తలుపు కొట్టినోళ్లందరి మీదా అతనికి అనుమానమే.

ఆరోజు కొట్టింది ఒకమ్మాయి. భుజాన సంచీ.

"పద్మకుమారినండి, భాలుబాసా ఆసుపత్రి నుంచి వత్తన్నా. బలరామ్ గారుండేది ఇక్కడేనా?"

"ఏటి పని?"

"ఆయనకే చెప్పాలండి. ఇంట్లో ఎంతమంది పడుకుంటారు? వెనక గదికి కిటికీ ఉందా?"

రోగం పేరు గుమ్మంలో చెప్పకూడదని ఆ పిల్ల ఉద్యోగంలో నియమం. వరహాలికేం తెలుసు? ఆసుపత్రోళ్లకి కిటికీతో ఏం పని! ఇది పక్కా క్వార్టర్ల తనిఖీయే అనుకున్నాడు.

"బలరామూ లేడు, పరశురామూ లేడు. నేనూ, మా ఇంటిదీని!"

ఆ ఇంటిది, ధనమ్మ, అప్పటికే బలరామ్‌ని బొగ్గుల గదిలోకి తోసేసింది. దుమ్ముకి వాడు ఖళ్లుమన్నాడు.

"ఎవరండీ దగ్గేరు?"

"నేనే!" అని వరహాలు అంతకంటే గట్టిగా దగ్గేడు. లోపల వాడు దగ్గినప్పుడల్లా బయట ఇతను దగ్గడమే.

"ఎన్నాళ్ల నుంచి?"

"హోలీ కాణ్ణించి," నోటికొచ్చింది చెప్పేడు.

"అమ్మో! పదండి ఆసుపత్రికి."

"ఎల్లయ్యా, ఎల్లకపోతే శక్ వత్తాది, అనుమానిత్తారు," అని ధనమ్మ చెవిలో ఊదింది.

అక్కడ చేతికి డబ్బీ ఇచ్చి కళ్లె తియ్యమన్నారు. ఎంత కాండ్రించినా రాదే! గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ, బెంచీల నిండా దగ్గేవోళ్లు. నిజం ఆసుపత్రే! "టీబీ అయితే నెలల తరబడి మాత్రలండి," అంది పద్మకుమారి. ఇంక ఆగలేకపోయేడు.

"తల్లీ, దగ్గు నాది కాదు! నా క్వార్టర్లో అద్దెకున్న బలరామ్‌ది! బొగ్గుల గదిలో దాచేను!"

పక్క బెంచీ మీద ముక్కుకి తువ్వాలు కట్టుకున్న మనిషి తువ్వాలు కిందకి దించేడు. క్వార్టర్ల ఇనస్పెక్టరు వెంకటరావు.

"ఏటన్నావు వరహాలూ?"

వరహాలు డబ్బీని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇనస్పెక్టరు ఇంకో మాట అనబోయి, దగ్గు తెర అడ్డొచ్చి ఆగేడు.

పద్మకుమారి నీళ్లిచ్చి, "సార్, రోజు మార్చి రోజు ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మీకు మాత్రలు మింగించాలి. మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పనా?" అంది.

"ఆఫీసులో వద్దమ్మా, పరువు పోద్ది!" ఇనస్పెక్టరు వరహాలుని పైనుంచి కిందకి చూసేడు. "ఈయనైతే... గుట్టు దాచే మనిషి."

"ఈయనే మంచోడు సార్, ఎవర్నీ నమ్మడు," అంది పద్మకుమారి.

ఆ వారం నుంచి వరహాలు అరుగు మీద ఇనస్పెక్టరూ బలరామూ మాత్రలకి పక్కపక్కన కూర్చుంటన్నారు. మాత్ర దాచేరేమోనని వరహాలు ఇద్దరి నాలికలూ ఎత్తించి మరీ చూత్తన్నాడు.

వెనక గదికి కిటికీ ఇనస్పెక్టరు గారే దగ్గరుండి పెట్టించేరు.