నాలుగో అంతస్తు నాయకుడు

స్లాబు పోసే రోజు ఇంజనీరు తామరైసెల్వికి ఎప్పుడూ రెండే పనులు. పొద్దున్నే కాంక్రీటు పంపు మొదలుపెట్టించాలి, మధ్యాహ్నం అందరికీ మటన్ బిర్యానీ వేడివేడిగా అందేలా చూడాలి. మదురైలో స్లాబు ఒక గంట ఆలస్యమైనా ఊరుకుంటారు గానీ, ఆ రోజు బిర్యానీ చల్లారితే మేస్త్రీలు నెల్లాళ్ళు మొహం మాడ్చుకుంటారు. ఆ రెండు పనులూ ఆమెకి కొట్టినపిండి. ఈసారి మూడో పని ఒకటి వచ్చిపడింది. సాయంత్రం దాకా గొంతెత్తకూడదు.

సంగతేమిటంటే, పాత మేనేజరు మానేసిన దగ్గర్నుంచి అరుప్పుక్కోట్టై రోడ్డు మీది ఆ అపార్ట్‌మెంటు పనంతా తామరైసెల్వే నడిపిస్తోంది. మేనేజరు కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. యజమాని అంబలవాణన్ గారికి అందులో ఆడమనిషిని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు, బావమరిది ఇన్బరాజ్‌ని కూర్చోబెట్టడానికి ధైర్యం చాల్లేదు. అందుకని చెన్నై నుంచి మదియళగన్ అనే ఆయన్ని పిలిపించారు. నాయకత్వం నేర్పడం ఆయన వృత్తి. తన జన్మలో ఎవరికైనా నాయకుడిగా ఉన్నాడో లేదో మాత్రం ఎవరూ అడగలేదు.

"నిజమైన నాయకుడు అరవడు, చేతులూపడు, కంగారు పడడు. కొండలా నిలబడతాడు. ఆయన్ని చూస్తే చాలు, పని దానంతటదే జరుగుతుంది," అని పాఠం చెప్పాడాయన. స్లాబు రోజున సైటు ఎదుటి స్తంభానికున్న కెమెరాలో ఇద్దర్నీ గమనించి, ఎవరు మెరుగైతే వాళ్ళకి కుర్చీ ఇప్పిస్తానన్నాడు. ఆ కెమెరాకి బొమ్మ కనపడుతుంది, అదీ మసగ్గా. మాట వినపడదు.

ఆ పాఠానికి పిలవని మనిషి పెద్దమేస్త్రి మొక్కసామి. కట్టే ఇంటికి దిష్టిబొమ్మ లేనిదే ఆయన ఇటుక ముట్టడు. ఫ్లాట్లు కొనడానికి వచ్చేవాళ్ళు నవ్వుతున్నారు, తీసిపారేయమని యజమాని కేకలేశారు. మొక్కసామి తియ్యలేదు, ముస్తాబు చేశాడు. కుండ తలకి తెల్ల హెల్మెట్ పెట్టాడు. గడ్డి ఒంటికి ఇన్బరాజ్ వద్దని పడేసిన నీలం చారల చొక్కా, ప్యాంటు తొడిగాడు. పైన నాలుగో అంతస్తులో, రోడ్డువైపు మూల స్తంభం చువ్వలకి నిలువుగా కట్టేశాడు.

"దూరం నుంచి చూస్తే మనిషే అనుకుంటారులేమ్మా. అయ్యగారికి కోపం రాదు, దిష్టీ తగలదు," అన్నాడు.

పొద్దున పంపు మొదలుపెట్టే ముందు గుమ్మడికాయ కొట్టారు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి పైకి తీసుకెళ్ళి ఆ బొమ్మకి హారతిచ్చారు. కూలీలు, మేస్త్రీలు వరసగా వెళ్ళి దణ్ణం పెట్టుకుని పనిలోకి దిగారు.

ఊళ్ళోనే, అన్నానగర్ ఆఫీసులో తెర ముందు కూర్చున్న మదియళగన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్, చూశారా! పనివాళ్ళు వచ్చి దణ్ణం పెట్టి పోతున్నారు. ఆయన కనీసం తలైనా ఊపడం లేదు. ఎవరండీ ఆ మహానుభావుడు?"

అంబలవాణన్ గారు కళ్ళజోడు పైకెత్తి చూశారు, కిందికి దించి చూశారు. "ఆ చొక్కా మావాడిదే. పోయిన దీపావళికి నేనే కొనిచ్చాను," అని ఫోన్ అందుకున్నారు.

ఇన్బరాజ్ అప్పుడు సైటు ఎదుట టీకొట్టు పక్కన, కారులో ఏసీ వేసుకుని కునుకు తీస్తున్నాడు.

"ఒరేయ్, పైన మూలన తెల్ల హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డది నువ్వేనా?"

ఇన్బరాజ్‌కి ఏమీ అర్థం కాలేదు. కానీ బావగారి గొంతులో అక్క పెళ్ళి నాటి నుంచీ ఎన్నడూ వినని మెచ్చుకోలు వినిపించింది. అలాంటిది కాదనుకునేంత పిచ్చివాడు కాదు.

"నేనే బావా!"

"అక్కడే ఉండు. దండ తీసుకుని వస్తున్నాం."

ఇన్బరాజ్ కారులోంచి దూకి బిల్డింగు వైపు చూశాడు. బొమ్మ కనపడింది, చొక్కా కనపడింది, పరిస్థితి కూడా కనపడింది. జన్మలో మొదటిసారి మెట్ల వైపు పరిగెత్తాడు.

ఈలోగా తామరైసెల్వికీ ఫోనొచ్చింది. "ఏమ్మా, ఆ చేతులూపడమేంటి? ఆ మూలన మావాణ్ణి చూడు, ఎంత నిదానంగా ఉన్నాడో! చూసి నేర్చుకో," అని చెప్పి, ఆమె నోరు విప్పేలోపే అంబలవాణన్ గారు పెట్టేశారు. ఆమె మూల వైపు చూసింది. ఇన్నాళ్ళూ స్లాబులు పోయించి, ఎండకి మాడి, చివరికి గడ్డిబొమ్మని చూసి నేర్చుకోమనిపించుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఒళ్ళు మాత్రం మండిపోయింది.

ఎంత మంటగా ఉన్నా అలవాటు మానలేదు. స్లాబు కిందికి దిగి, దాన్ని మోసే ఇనప జాకీలు చూసుకుంటూ వెళ్ళింది. మెట్ల పక్కన ఒక జాకీ చీల జారి పక్కకి ఒరుగుతోంది, పైన కాంక్రీటుని మోసే పలక బొజ్జలా కిందికి దిగుతోంది. పైనేమో జనం, ఇంకా కుమ్మరిస్తున్న పంపు.

తామరైసెల్వి గొంతెత్తింది. మామూలుగా కాదు. పంపు మోత, వైబ్రేటర్ రొద, టీకొట్టు పాటలు, అన్నీ దాటి అవతలి వీధికి వినపడేలా అరిచింది. "పంపాపవయ్యా ముత్తుక్కాళై! చెవులింటి దగ్గర పెట్టొచ్చావా? ఆపు! పైనున్నవాళ్ళంతా దిగండి! మొక్కసామన్నా, జాకీలు తే!"

మళ్ళీ ఫోన్. ఈసారి కారులోంచి, సెల్‌లో కెమెరా చూస్తూ. "పంపెందుకు ఆగింది? మేం దారిలో ఉన్నాం. మొదలుపెట్టించు! అరిచావో, కుర్చీ మాట మర్చిపో!"

"పలక దిగుతోంది సార్. పైన మనుషులున్నారు. కుర్చీ మీ ఇష్టం, పంపు నా ఇష్టం. కదలనివ్వను," అంది. ఈసారి ఫోన్ పెట్టేసింది ఆమె.

జనమంతా వెనక మెట్ల మీదుగా దిగుతుంటే, ఇన్బరాజ్ ఒక్కడే వాళ్ళని తోసుకుంటూ పైకెక్కాడు. "అటు వెళ్ళొద్దు సామీ!" అని ఎవరో అంటున్నా వినిపించుకోలేదు. మూలకి చేరి, రొప్పుతూ బొమ్మ కట్లు విప్పి, దాని చోట తను నిలబడాలని పక్కకి జరపబోయాడు. అది చెయ్యి జారింది.

సరిగ్గా అప్పుడే యజమాని కారు గేటులోకి వచ్చింది. చేతిలో సంపెంగ దండతో దిగుతున్న అంబలవాణన్ గారికి నీలం చారల చొక్కా గాలిలో తలకిందులుగా రావడం కనిపించింది. ఆపైన తల పగిలిన చప్పుడు వినిపించింది.

"అయ్యో ఇన్బా! మీ అక్కకి నేనేం చెప్పేదిరా!" అని అక్కడే కూలబడ్డారు. మదియళగన్ కళ్ళు మూసుకున్నాడు. టీకొట్టువాడు అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వాచ్‌మన్ పోలీసులకి చేశాడు. బిర్యానీ తెచ్చిన ఆటోవాడు వాలకం చూసి, డేగిసాలతో సహా వెనక్కి తిప్పుకుని పోయాడు.

తెల్ల హెల్మెట్ దొర్లుకుంటూ వచ్చి యజమాని కాళ్ళ దగ్గర ఆగింది. తీసి చూశారు. లోపల సున్నం చుక్కలున్న కుండపెంకు.

"బావా, నాకేం కాలేదు!" అని పైనుంచి ఇన్బరాజ్ తొంగిచూశాడు.

అంబలవాణన్ గారు పైకి చూశారు, గడ్డి వంక చూశారు, దండ వంక చూశారు. "మరి పొద్దుట్నుంచీ కొండలా నిలబడ్డది?"

"దిష్టిబొమ్మ అయ్యా," అన్నాడు మొక్కసామి చేతులు కట్టుకుని. "తీసేయమన్నారు. మనసు రాలేదు."

మదియళగన్ మెల్లిగా కారు వెనక్కి తప్పుకున్నాడు.

తామరైసెల్వి ఒంటినిండా సిమెంటుతో బయటికొచ్చింది. కొత్త జాకీలు బిగించడం అయిపోయింది. యజమానిని లోపలికి తీసుకెళ్ళి పలక ఎంత దిగిందో చూపించింది. ఆయనకి తప్పు తెలిసింది. కానీ పెద్దరికం ఒక పట్టాన వదుల్తుందా?

"నువ్వు చేసింది మంచిదేనమ్మా. కానీ ఆ నోరు! ఆ నోటితో ఎవరు పనిచేస్తారు చెప్పు?"

"మేం చేస్తాం," అన్నాడు పంపు నడిపే ముత్తుక్కాళై. "ఆ నోరు లేకపోతే మీరివాళ కొనాల్సింది చాలా దండలు సార్."

"నోరు తగ్గించుకోను సార్," అంది తామరైసెల్వి. "రేపూ అరుస్తాను, ఎల్లుండీ అరుస్తాను. అది కుదరదంటే ఇప్పుడే చెప్పండి, ఈ స్లాబు ముగించి వెళ్ళిపోతాను. కుదురుతుందంటే కుర్చీ తెప్పించండి. ఇక మీదట స్లాబు రోజున నాకు ఫోన్ చెయ్యకండి."

అంబలవాణన్ గారు గట్టిగా ఊపిరి వదిలి, కుర్చీ తెమ్మని చెప్పారు. దండ ఆమె మెడలో వెయ్యబోతే ఆమె ఒప్పుకోలేదు. పొద్దుట్నుంచీ మెచ్చుకోలు ఎవరికొచ్చిందో వాళ్ళకే వెయ్యమంది. ఆ తరవాత ఆమె మొట్టమొదటి ఆజ్ఞ ఇన్బరాజ్‌కి. వెళ్ళి బిర్యానీ ఆటోని వెతికి పట్టుకు రమ్మంది.

సాయంత్రానికి స్లాబు పూర్తయింది. మొక్కసామి కొత్త కుండ పెట్టి, దండ వేసి, బొమ్మని మళ్ళీ అదే మూలన నిలబెట్టాడు. గొంతెత్తని నాయకుడు ఆ సైటులో ఇప్పటికీ ఆయనొక్కడే.