గట్టు మీద దర్శనం

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఆదివారం ఆరాధన, బుధవారం ఉపవాస ప్రార్థన. బుధవారాలు పులి కూడా వచ్చేది. ఉపవాసం విడిచే వేళకి మాత్రం దాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

సంఘానికి కాపరి దైవాధీనం అయ్యగారు. ఏనుగు. మంచివారే. తొండమెత్తి ప్రార్థన మొదలుపెడితే ఎవరికి జ్వరమో, ఏ చెట్టు కాయలేదో, వాన ఏ వైపు నుంచి రావాలో అంతా ప్రభువుకి వివరంగా చెప్పేవారు. చెప్పడం అయిపోగానే "ఆమెన్" అనేసి వెదురు తినడానికి వెళ్ళిపోయేవారు.

సంఘానికి సెక్రటరీ ఇశ్రాయేలు నక్క. ఆ వేసవిలో వాగు ఎండిపోయింది. తడి మిగిలింది ఒక్క గట్టు దగ్గరే. అక్కడ చిన్న ఊట, దాని మీద జమ్ముగడ్డి నీడ. గట్టు కింద బొరియలో ఎస్తేరమ్మ కుందేలు పిల్లలతో ఉండేది. భర్త పోయాక ఆ ఇల్లే దానికి దిక్కు. నక్క రోజూ ఆ గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఊటవైపు చూసి నిట్టూర్చి వెళ్ళేవాడు.

ఒక ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, నక్క లేచి కళ్ళు మూసుకున్నాడు.

"ప్రియులారా, నాకు దర్శనం వచ్చింది. ప్రభువు ఎస్తేరమ్మ గట్టు చూపించి, ఇక్కడ మందిరం కట్టమన్నాడు. పక్కన సెక్రటరీకి ఒక గది కూడా. ఊట వైపు."

"స్తోత్రం!" అంది సంఘం. దర్శనానికి ఎదురు చెప్తే ఏమవుతుందోనని అందరికీ భయం. అయ్యగారు తొండం గోక్కుని, తనూ "స్తోత్రం" అన్నారు.

ఎస్తేరమ్మ వెనక వరసలోంచి లేచింది. "సెక్రటరీగారూ, ఇల్లు నాది కదండీ. మరి ప్రభువు నాకెందుకు చెప్పలేదు?"

నక్క జాలిగా నవ్వాడు. "నీ విశ్వాసం ఇంకా ఆ స్థాయికి రాలేదమ్మా."

ఎస్తేరమ్మ కూర్చుంది. వర్షాలకు ముందే ఖాళీ చెయ్యమన్నారు.

అయితే ఎలుగుబంటి బర్నబా ఇదంతా జాగ్రత్తగా గమనించాడు. మరుసటి ఆదివారం తనూ లేచాడు.

"నాకూ దర్శనం వచ్చిందండీ. సెక్రటరీగారి గుహ సంఘం తేనె దాచడానికి ప్రత్యేకించమన్నాడు. కాపలా నన్నే ఉండమన్నాడు."

నక్క అదిరిపడ్డాడు. "నా గుహా? నాకు ప్రభువు అలాంటిదేమీ చెప్పలేదే!"

"మీ విశ్వాసం ఇంకా ఆ స్థాయికి రాలేదన్నా," అన్నాడు బర్నబా.

ఆ తర్వాత దర్శనాలు వరదలా వచ్చిపడ్డాయి. ప్రభువు కోతికి పనసచెట్టు చూపించాడట. నెమలికి పాటల బృందం మొత్తం అప్పగించాడట. అడవిపందికి అందరి దుంపలూ చూపించాడట. ఏ దర్శనమూ, అది చూసినవాడికి నష్టం చెయ్యలేదు.

నక్క అయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు. "వీటికి అడ్డూ అదుపూ ఉండాలండీ! ఏది దేవుడి మాటో, ఏది వీళ్ళ ఆశో పరీక్షించాలి!"

తాబేలు మార్తమ్మ అక్కడే ఉంది. సంఘంలో అందరికన్నా పెద్దది. "బాగా చెప్పావు ఇశ్రాయేలూ," అంది. "అందరం ఆ గట్టు మీదే కూర్చుని ప్రార్థిద్దాం. నోరు మాత్రం ఎవరూ తెరవకూడదు. ఇన్నాళ్ళూ అన్నీ మనమే చెప్పాం. జవాబివ్వడానికి ఆయనకి ఎప్పుడైనా సందు ఇచ్చామా?"

నక్క సరే అన్నాడు. మౌనంగా ఉండటం తనకి చేతనవును, ఎలుగుబంటికి చేతకాదు అని అతని లెక్క.

మర్నాడు పొద్దున్నే అందరూ గట్టు మీద కూర్చున్నారు. మాట్లాడకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బర్నబాకి ఒళ్ళంతా దురద. నెమలి గొంతు సవరించుకోబోతే మార్తమ్మ కళ్ళురిమింది. అయ్యగారి కడుపులో ఉరిమినట్టయితే వానేమోనని కోతి పైకి చూసింది.

మెల్లగా అదీ సద్దుమణిగింది. అప్పుడు వాళ్ళ కింద, మట్టిలోంచి ఒక సన్నని గొంతు వినిపించింది. బొరియలో ఎస్తేరమ్మ ప్రార్థన చేసుకుంటోంది. పైన ఇంత నిశ్శబ్దంగా ఉందని దానికి తెలియదు.

"ప్రభువా, అయ్యగారు కూర్చున్నచోట పైకప్పు దిగిపోతోంది, ముందు అది చూడు. ఇక ఇంటి సంగతి. నువ్వు ఉండమంటున్నట్టే అనిపిస్తోంది నాకు. కానీ నాకు ఉండాలనే ఉంది కదా తండ్రీ. ఇది నీ మాటో, నా ఆశో తేల్చుకోలేకపోతున్నాను. నిజంగా వెళ్ళమంటే వెళ్తాను. పిల్లలకి కాస్త నీడున్న చోటు చూపించు. నాకు తెలియకపోతే తెలిసేదాకా ఓపికివ్వు."

బర్నబా దురద మర్చిపోయాడు.

అయ్యగారు మెల్లగా లేచి పక్కకి జరిగారు. ముందు పైకప్పు కోసం. తర్వాత నోరు తెరిచారు.

"నాకు వినిపించింది."

"ఏమని?" అన్నాడు నక్క ఆత్రంగా.

"కొత్తదేమీ కాదు. నువ్వు వేసవి మొదటినుంచీ ఈ ఊట చుట్టూ తిరుగుతున్నావని నాకు తెలుసు ఇశ్రాయేలూ. ప్రార్థనలో అది మనసుకి తగిలినప్పుడల్లా గొంతు పెంచి దాటేశాను. నీతో గొడవ నాకెందుకని." అయ్యగారి కళ్ళు తడిశాయి. "ఆ తల్లి తన మాటనే అనుమానించుకుంటోంది. మనలో ఒక్కడికైనా ఆ అనుమానం వచ్చిందా?"

బర్నబా తల దించుకున్నాడు. "నాకు దర్శనమూ లేదు, ఏమీ లేదండీ. గుహ బాగుందనిపించింది, అంతే."

అందరూ నక్కవైపు చూశారు. నక్క గబగబా కళ్ళు మూసుకున్నాడు.

"ప్రియులారా, ఇప్పుడే మరో దర్శనం! ప్రభువు మనసు మార్చుకున్నాడు!"

మొదట మార్తమ్మ నవ్వింది. తర్వాత గట్టంతా నవ్వింది. ఆ అదురుకి ఎస్తేరమ్మ కంగారుగా బయటికొచ్చి, ఇంటిమీద సంఘం మొత్తం నవ్వుతుండటం చూసి బిత్తరపోయింది.

అయ్యగారు వంగి, "అమ్మా, నీ ఇల్లు నీదే. మమ్మల్ని క్షమించు," అన్నారు.

నక్క చివరిదాకా ఉండిపోయాడు. అందరూ వెళ్ళాక, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి దేవుడి పేరెత్తకుండా ఒక మాట అడిగాడు. "ఎస్తేరమ్మా, ఎండగా ఉంది. మీ ఊట దగ్గర కాసేపు కూర్చోవచ్చా?"

"దానికేం భాగ్యం అన్నయ్యా," అంది ఎస్తేరమ్మ. "ఈ మాట అప్పుడే అడిగితే సరిపోయేది కదా!"

అప్పటినుంచి ఆ సంఘంలో ప్రార్థన మధ్యలో కాసేపు అందరూ ఊరకే కూర్చుంటారు. దానితో హాజరు బాగా తగ్గింది. నెమలి, అడవిపంది కొండ అవతలి సంఘంలో చేరిపోయారు. అక్కడ మైకు అస్సలు ఆగదట.

నీతి: దేవుడు ఏమంటాడోనని భయమున్నవాళ్ళు ప్రార్థన మధ్యలో ఎక్కడా ఆపకూడదు.