పేరమ్మత్త ద్వారబంధం

వలలు దిబ్బకు చేర్చాలి. తాటాకు కప్పు విప్పి కట్టలు కట్టాలి. కోళ్లను పట్టాలి, దొరికితే. పొయ్యిరాళ్లు మొయ్యాలి. పేరమ్మత్త ద్వారబంధం పెకలించాలి. అర్జీ రాయాలి.

పెన్న ఏరు సముద్రంలో పడే మొగ దగ్గర ఆ రెండూ కలిసి మా పాలేన్ని కొరుక్కు తినడం మొదలుపెట్టాక, ఏటేటా మాకుండే పనులివి. చివరిది నాది. పాలెం మొత్తానికి బి.ఏ. పాసైన వాణ్ని నేనొక్కణ్నే మరి!

అయ్యా, ఊరు కోతకు గురికావడమంత సౌఖ్యం ఇంకోటి లేదు! మీ పట్నంలో ఇల్లు మారాలంటే బండి కట్టాలి. మా ఇళ్లు మాకంటే ముందే వెళ్లిపోతాయి. మునెయ్యకూ గంగులయ్యకూ పదేళ్లుగా హద్దు తగాదా. ఏ ప్లీడరు తీర్చినాడు? ఏరు ఒక్క వానకు తీర్పు చెప్పింది, స్థలం ఇద్దరిదీ కాదని! ఇప్పుడిద్దరూ ఒకే చుట్ట పంచుకుంటున్నారు.

మా పేరమ్మత్తది వేరే పద్ధతి. ఎక్కడికి మారినా ముందు ద్వారబంధం నిలబెట్టి గడపకు పసుపు రాస్తుంది. గోడలు లేకపోయినా ఆ క్షణం నుంచి అది ఇల్లే. పక్కనుంచి వచ్చినామా, అయిపోయినామే!

"గోడలోంచి దూరతావేందిరా అబ్బయా, దొంగ మాదిరి?"

మొన్న రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్యగారు విచారణకు వచ్చినారు. ఇళ్లు పోయినవాళ్లకు మెరక మీద స్థలాలిస్తారట. ఇసుకలో ఒంటిగా నిలబడ్డ ద్వారబంధాన్ని చుట్టుకొని రాబోయినారు.

"అయ్యా, అది గోడ!" అని అరిచింది అత్త. "గడప దాటి రాండి. తల వంచండి, తగలతాది."

ఆయన తల వంచి వచ్చినారు. చెప్పులు బయటే విప్పినారు కూడా!

అత్త అర్జీ నేనే రాసినాను. అందులో 'ఇంటిలో మిగిలినది' అనే గడి ఒకటుంది. "ఏమీ లేదని రాయి సామీ," అని మునెయ్య చెవిలో చెప్పినాడు. చదువుకున్నవాణ్ని, అబద్ధం రాస్తానా? 'ద్వారబంధం ఒకటి, గడపతో సహా, చెక్కుచెదరలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసినాను.

ఉత్తర్వులు వచ్చినాయి. అందరికీ మెరక మీద పట్టాలు. అత్తకు మాత్రం ఇదీ: 'ప్రధాన ద్వారము క్షేమముగా ఉన్నందున ఇల్లు కొంతమేరకే దెబ్బతిన్నది. పాత స్థలములోనే మరమ్మతు చేసుకొనవలెను.'

పాత స్థలంలో ఇప్పుడు రెండు నిలువుల నీళ్లు!

నేను చదివి వినిపించి తలదించుకున్నాను. అత్త ఏటివైపు చూసింది.

"సరేలే అబ్బయా. ఈత వచ్చిన తాపీమేస్త్రి ఎవరన్నా ఉన్నాడేమో కనుక్కో."

ఏరు ఆమె ఇంటిని మాత్రమే తీసుకుంది. మెరక మీది స్థలాన్ని పోగొట్టింది నా బి.ఏ.! మళ్లీ అర్జీ పెట్టినాను. జవాబు లేదు. పాలెమంతా మెరకెక్కింది, అత్త ఒక్కతే ఇసుకలో ఉంది. ఏరు ఇంకో పది బారలు జరిగింది.

మైపాడులో బస్సు దిగి ఉత్తరంగా నడిచే పెద్దలారా, ముఖ్యంగా కచేరీలో పనిచేసే పెద్దలారా, ఇసుకలో ఒంటి ద్వారబంధం కనిపిస్తే పేరమ్మను గుర్తుపెట్టుకోండి. పక్కనుంచి మాత్రం పోకండి. అది గోడ.