దయ్యాల నవల మీద వెంకటాద్రిగారి అభిప్రాయం

భాషాసేవలో దయ్యాలకు సాటి రాగల పండితుడు ఇంకా పుట్టలేదు. మీ ఇంట్లో ఎవరికైనా తెలుగు చదవాలన్న బుద్ధి పుట్టాలా? ఈమధ్య వస్తున్న దయ్యాల నవల ఒకటి కొనిపెట్టండి. అతిశయోక్తి అనుకుంటున్నారేమో, నిరుడు, అంటే ఎనభై మూడులో, పుదుచ్చేరిలో జరిగింది వినండి.

వెంకటాద్రిగారికి బజారులో స్టీలు పాత్రల కొట్టుంది. ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. ఏటా ఉగాదికి మైకు పట్టుకుని మన కావ్యాల గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడేవారు. వినేవాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడ్డమే కానీ చదవడం రాదు. బళ్ళో నేర్చింది తమిళం. అందువల్ల ఆయన మాటలు మరింత గౌరవంగా వినేవారు.

ఆ ఇంటికి నెల్లూరు నుంచి గిరిజ కోడలిగా వచ్చింది. పెట్టెలో చీరల కింద నవలలు తెచ్చుకుంది. అన్నీ కొత్తగా వచ్చిన హారర్ సరుకే. మంత్రగాళ్ళు, చేతబడులు, దీవుల్లో పాతిపెట్టిన నిధులు, వాటికి కాపలా కాసే పిశాచాలు!

చదివిన కథ ఒకటి పక్కింటి మంగళకు చెప్పింది. మంగళ భర్త సేదరపేట్ ఫ్యాక్టరీకి పోతే సాయంత్రం దాకా రాడు. ఉత్తినే చెబితే చాలదు, చదివి వినిపించమని పట్టుబట్టింది మంగళ. కొద్దిరోజుల్లోనే మధ్యాహ్నం పూట వెనక వరండా ఆడవాళ్ళతో నిండిపోయింది. తెలుగు బొత్తిగా రాని వెళ్ళైయమ్మాళ్ కూడా వచ్చి కూర్చునేది. ఏమర్థమవుతుందని అడిగితే, భయపడ్డానికి భాషెందుకనేది.

వెంకటాద్రిగారికి ఇది నచ్చలేదు. ఇలాంటి చెత్త వల్లే భాష భ్రష్టుపట్టిందన్నారు. భోజనానికి ఇంటికొచ్చి, తిరిగి కొట్టుకు పోకుండా, ముందుగదిలో ఈజీచైర్లో కళ్ళు మూసుకుని, నవల ఆగేదాకా దాన్ని అసహ్యించుకుంటూ కూర్చునేవారు.

ఒకరోజు కథ మంచి పట్టు మీదుంది. నలుగురు స్నేహితులు దీవిలో గుహలోకి దిగారు. వెనక బండ మూసుకుపోయింది. చీకట్లో ఒకరినొకరు తడుముకుని లెక్కపెట్టుకుంటే అయిదుగురున్నారు. సరిగ్గా అక్కడ గిరిజకు జలుబుతో గొంతు పోయింది.

మంగళ పుస్తకం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళి, ఆ ఒక్క పేజీ చదివి పెట్టమని వెంకటాద్రిగారిని బతిమాలింది. కావ్యాలు పలికిన నోటితో ఇలాంటివి పలకనన్నారాయన. ఆడవాళ్ళు ఉసూరుమంటూ ఇళ్ళకు పోయారు. ఎంత నిష్ఠ అనుకున్నారు.

సాయంత్రం గిరిజ మిరియాల కషాయం కాచుకుంటుంటే మామగారు వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

“ఆ అయిదోవాడు ఎవురమ్మా?”

గిరిజకు మాట రాదు కదా! పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి, ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన చాలాసేపు దానివైపు చూశారు. పేజీ తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“నాకీ అక్షరాలు రావమ్మా” అన్నారు చివరికి. “మా నాయన నన్ను ఫ్రెంచి బళ్ళో ఏసినాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసుకునేది తమిళం. ఉగాది ప్రసంగం గూడా తమిళ అక్షరాల్లోనే రాసుకోని పోతా. ఈ వయసులో ఇంక యాడ నేర్చేది?”

గిరిజ నవ్వలేదు. పొయ్యి ఆర్పి ఆయన పక్కన నిలబడింది. ‘అయిదోవాడు’ అన్నచోట మొదటి అక్షరం మీద వేలు పెట్టి, మిగిలిన కాస్త గొంతుతో, “ఈడ్నించే మామా” అంది. “ఇది అ.”

ఆ నవల ముగించడానికి ఆయనకు ఎండాకాలమంతా పట్టింది. ఆ తర్వాతా పుస్తకం ఆయన చెయ్యి దాటలేదు, వరండాలో గిరిజ వేరే నవలలు చదువుకుంటూ పోయింది. ఈ ఉగాదికి మైకు ముందు కావ్యాల ఊసెత్తకుండా గుహ కథ మొదలుపెట్టారు. బండ మూసుకున్నాక ఆపేసి, మిగతాది ఎవరికి వారు చదువుకోవాలన్నారు. జనం గొడవ చేసినా చెప్పలేదు. మర్నాటి నుంచి మంగళ, ఆమె వెనకాల సంఘంలో సగం మంది గిరిజ దగ్గర అక్షరాలు దిద్దుతున్నారు.

కాబట్టి పాఠకులారా, మీ ఊళ్ళో ఏ పెద్దమనిషైనా దయ్యాల నవలలు భాషను పాడుచేస్తున్నాయంటే వాదించకండి. వినయంగా కుర్చీ వేసి, పుస్తకం చేతికిచ్చి, ఒక్క పేజీ చదివి వినిపించమనండి.