భాగహార దినోత్సవం

గోగులపాడు ప్రాథమిక పాఠశాలలో ప్రత్యేక దినాలు ప్రార్థన గంట కొట్టగానే గేటు తోసుకుని లోపలికి వచ్చి, తమను జరిపేదాకా బెంచీల మీద కూర్చుంటాయి. ఇందులో వింతేమీ లేదు, మండలంలో అన్ని బళ్ళలోనూ ఇంతే. వచ్చిన దినానికి బ్యానరు కట్టాలి, నినాదాలు చెప్పించాలి, పిల్లలు నవ్వుతుండగా ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఫొటో ఎక్కితే దినం లేచి వెళ్ళిపోతుంది. ఎక్కకపోతే కదలదు. గోగులపాడులో సిగ్నల్ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక కనక, కదలని దినాలే ఎక్కువ.

దసరా సెలవుల నాటికే బెంచీలన్నీ నిండిపోయాయి. చేతుల శుభ్రత దినం కుళాయిలో నీళ్ళు రాక మొదటి బెంచీలోనే ఉండిపోయింది. యోగా దినం టీచరు బల్ల ఎక్కి పద్మాసనం వేసింది. హాజరుపట్టీ దాని తొడ కింద ఉంది, అడిగితే ఊపిరి వదిలాక ఇస్తానంటుంది. పొగాకు వ్యతిరేక దినం విరామంలో ప్రహరీ వెనక్కి వెళ్ళొస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం కోడిగుడ్లు ముందు అతిథులకు వడ్డించి, మిగిలితే పిల్లలకు పెట్టేవారు. పిల్లలు నేల మీద కూర్చునేవారు. ఒకటో తరగతి వాళ్ళయితే బెంచీలు దినాల కోసమే చేయిస్తారనుకున్నారు.

ఆ బడికి ఉన్నది ఒక్కరే, సువార్త టీచరు. ఆమె చాక్‌పీసు అందుకోవడం, గేటు కిర్రుమనడం ఒకేసారి జరిగేవి. ఛీ, ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు పేరులేని రోజు దొరికితే చాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. కారణం నాలుగో తరగతి కోటేశ్వరి. ఆ పిల్ల ఎండాకాలంలో గురుకులం ప్రవేశ పరీక్ష రాయాలి. తెలివైన పిల్లే, ఎటొచ్చీ భాగహారంలో సున్నా మింగేస్తుంది. ఎనిమిది వందల పదహారుని నాలుగుతో భాగించమంటే ఇరవై నాలుగంటుంది.

పిల్ల తల్లి అంకమ్మ ఓ రోజు బడికి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"సీటొస్తే సరి, లేకపోతే వచ్చే ఏడు నా ఎంట మిరపకోతలకి తీసకపోతా టీచరమ్మా. నెలల తరబడి పిల్లని ఒక్కదాన్నే ఇంటికాడ ఎట్టా వదిలేది?"

"లోపలికి రా అంకమ్మా, కూర్చో."

"యాడ కూర్చోమంటారు?" అంది అంకమ్మ బెంచీల వంక చూసి. నిజమే మరి.

పై ఆఫీసుకీ బళ్ళకీ మధ్య తిరిగే సీఆర్‌పీ ఖాసింవలీ ఆ వారం వచ్చినప్పుడు సువార్త టీచరు అడిగేసింది.

"ఒక్క రోజు ఏ దినమూ పంపకండి ఖాసిం గారూ. పాఠం చెప్పుకుంటాను."

"పేరు లేకపోతే ఆ రోజు యాప్ తెరుచుకోదు మేడం. యాప్ తెరుచుకోకపోతే బడి మూసినట్టు లెక్క. మీరే ఏదో ఒక పేరు పెట్టండి, నేను మంజూరు చేయిస్తా."

ఆమె భాగహార దినోత్సవమని పెట్టింది. మంజూరైంది.

భాగహార దినోత్సవం మర్నాడు అందరికంటే ముందే వచ్చింది. ఉతికిన చొక్కా, చంకలో పలక, మర్యాదస్థుడి వాలకం. ఇన్నాళ్ళకి పనికొచ్చే దినం వచ్చిందని సువార్త టీచరు కళ్ళు చెమర్చాయి. దాని వెనకాలే మార్గదర్శకాలు వచ్చాయి. ఊరేగింపు ఉండాలి. ముగ్గు ఉండాలి. భాగహారం ప్రాముఖ్యత మీద సర్పంచి గారి ప్రసంగం ఉండాలి. పిల్లల్లో ఒకరు భాగహారం గుర్తు వేషం కట్టాలి. భాగహారం చేయడం గురించి వాటిలో ఏమీ లేదు.

వేషం కోటేశ్వరికి పడింది. నెత్తిన అట్టతో చేసిన ఒక చుక్క, పాదాల దగ్గర ఇంకో చుక్క, నడుముకు అడ్డంగా పొడుగాటి అట్ట. ఆ అట్ట గుమ్మంలో పట్టక పిల్ల పొద్దున్నంతా బయటే నిలబడింది. "భాగిద్దాం, బాగుపడదాం" అంటూ ఊరంతా తిరిగొచ్చేసరికి మిగతావాళ్ళ గొంతులు పోయాయి. సర్పంచి గారు తాను చదువుకునే రోజుల్లో భాగహారానికి ఎంత భయపడ్డారో వివరంగా చెప్పారు. ఫొటో కోసం కోటేశ్వరి చేతికి పలక ఇచ్చి ఆ ఎనిమిది వందల పదహారు లెక్కే వేయమన్నారు. వేసింది. నవ్వమన్నారు. నవ్వింది.

"ఆగండాగండి, సున్నా..." అని సువార్త టీచరు అరిచేలోపు, ఆరు నెలలుగా ముఖం చూపించని సిగ్నల్ ఆ క్షణానే వచ్చింది. ఫొటో ఎక్కింది. భాగహార దినోత్సవం చేతులు జోడించి సెలవు తీసుకుంది. పాఠం మాట ఎత్తేసరికి ఇంటి గంట కొట్టారు.

ఆ ఫొటోకి ప్రథమ బహుమతి వచ్చింది. పోస్టరుగా అచ్చేసి అన్ని బళ్ళ గోడలకూ అంటించారు. నవ్వుతున్న భాగహారం గుర్తు, చేతిలో పలక, పలక మీద ఇరవై నాలుగు.

సువార్త టీచరు తల బాదుకుని, ఇక గదిలో లాభం లేదని, అన్నం వండే షెడ్డులో పాఠం మొదలుపెట్టింది. అక్కడికి దినాలు రావు, కట్టెల పొగంటే వాటికి పడదు. నాలుగు కంచాలు పరిచింది. ఎనిమిది బంగాళాదుంపలు వందలు, ఒక వంకాయ పది, ఆరు పచ్చిమిరపకాయలు ఒకట్లు.

"దుంపలు కంచానికి రెండు. మరి వంకాయ?"

"ఒక్కటేగా టీచర్. నాలుగు కంచాలకి ఎట్టా వచ్చిద్ది? రాదు."

"రాదని ఊరుకుంటే ఎలా? రాలేదని రాయాలి. అక్కడ సున్నా పెట్టి, వంకాయని పది మిరపకాయలుగా మార్చుకో."

కోటేశ్వరి పదహారు మిరపకాయలూ కంచానికి నాలుగు చొప్పున పంచింది. తర్వాత బొగ్గుతో నేల మీద రెండు వందల నాలుగు అని రాసి, అది తప్పేమోనని టీచరు ముఖంలోకి చూసింది. సువార్త టీచరు ఆ పిల్లని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. ఆ ఏడాది ఆ బడిలో జరిగిన పాఠం అదొక్కటే.

పరీక్ష దగ్గర పడ్డాక ఖాసింవలీ వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈసారి పరీక్షలో పోస్టరు లెక్కే ఇస్తున్నారు మేడం. జవాబు ఇరవై నాలుగు."

"అది తప్పు కదండీ!"

"తప్పే. తప్పంటే బహుమతి వెనక్కి తీసుకోవాలి. యాప్‌లో ఎక్కింది దిగదు."

"అసలు బుర్రుందా అండీ ఎవరికైనా?"

"ఉంది మేడం. అందుకే ఈ ఒక్క ఏడాదికేనన్నారు."

పరీక్షనాడు కేంద్రం గేటు ముందు సువార్త టీచరు కోటేశ్వరి జడ సవరిస్తూ, దూరంగా సంచి పట్టుకుని నిలబడ్డ అంకమ్మని చూసింది. పిల్ల చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ఆ లెక్క వస్తే ఇరవై నాలుగని రాయమ్మా."

"మీరేగా సున్నా పెట్టమంది?"

"పెట్టాలి. ఇక్కడ పెట్టొద్దు."

"మరి ఎక్కడ పెట్టాలి టీచర్?"

గంట కొట్టారు. సువార్త టీచరుకి జీవితంలో ఏ గంటా అంత మేలు చేయలేదు.

కోటేశ్వరికి సీటు వచ్చింది. ఒక్క మార్కుతో గట్టెక్కింది. అంకమ్మ బడికి వచ్చి టీచరు చేతులు పట్టుకుని ఏడ్చింది. సరిగ్గా ఆ రోజు గేటు తోసుకుని నిజాయితీ దినోత్సవం వచ్చి, నేరుగా బల్ల ముందు నిలబడింది. దానికి ఫొటో కావాలి. సీటు తెచ్చుకున్న పిల్ల ఉండనే ఉంది. పలక చేతికిచ్చి, నీకు బాగా వచ్చిన లెక్క ఒకటి వేయమన్నారు.

కోటేశ్వరి ఎవరూ చెప్పకుండానే పోస్టరు లెక్క వేసి, జవాబు ఇరవై నాలుగని రాసింది.

"అదేంటే, నీకు వచ్చు కదా!" అంది సువార్త టీచరు.

"వచ్చు టీచర్. సున్నా పెడితే ఫొటో ఎక్కదుగా?" అంది కోటేశ్వరి, నవ్వడానికి సిద్ధమవుతూ.

సువార్త టీచరు ఫోను ఎత్తి, బటన్ నొక్కింది. సిగ్నల్ వెంటనే వచ్చింది. నిజాయితీ దినోత్సవం బట్టలు దులుపుకుని, అందరికీ నమస్కారం పెట్టి, తృప్తిగా వెళ్ళిపోయింది. అదే సిగ్నల్‌కి ఆగిపోయిన పాత ఫొటోలు రెండు ఎక్కి, వాటి దినాలు కూడా దానికి తోడుగా లేచి వెళ్ళాయి. చాన్నాళ్ళకి ఒక బెంచీ ఖాళీ అయింది.

"ఎక్కి కూర్చోండర్రా," అంది టీచరు.

పిల్లలెవరూ కదల్లేదు. రేపు ఎవరో ఒకరు వస్తారు కదా అన్నారు.