బోర్లా పెడితేనే ఆగే పాట

ఆ ఉదయం నునుపుగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. స్నానం, టిఫిను, ఇస్త్రీ చొక్కా, ఆఫీసు. అక్కడ వాడుకదారుల నోట నాలుగు మంచి మాటలు యజమాని చెవిన పడటం, సాయంత్రానికల్లా తాను ప్రధాన డిజైనరు కుర్చీలో కూర్చోవడం. అంతే. చొక్కా దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. బీరువా తలుపు తెరుచుకోలేదు.

తెరుచుకోకపోవడానికి కారణమూ ఆయనే. జేబులో వేసుకుని తిరిగే పాటల పెట్టెలు తయారుచేసే కంపెనీలో ఆయన డిజైనరు. ఏ వస్తువు మీదైనా ఎత్తుగా ఏదైనా కనిపించిందంటే ఆయనకు కంట్లో నలుసు పడ్డట్టే. అందుకే ఆఫీసులో ఆయనకా పేరు పడింది. ఇంట్లో బీరువాలకున్న పిడులన్నీ పోయిన ఏడాదే పీకించేశారు. అప్పటినుంచీ భార్య వాటిని గరిటె కాడతో తెరుస్తోంది.

"ఏమండీ, గరిటె నిన్న మీ చొక్కాల బీరువాలోనే ఉండిపోయింది. ఇంకో గరిటె గిన్నెల అలమరలో ఉంది. ఆ తలుపు తియ్యాలన్నా గరిటే కావాలి" అంది ఆవిడ తాపీగా.

"చాల్లే, ఇవాళ నన్ను ఏడిపించకు" అని నిన్నటి చొక్కానే దులిపి తొడుక్కున్నారు నునుపుగారు.

ఇవాళ మామూలు రోజు కాదు మరి. కంపెనీ పాత పెట్టెకు అయిదు లావుపాటి బటన్లు ఉండేవి. నిద్రమత్తులో నొక్కినా పలికేవి, సబ్బు చేత్తో నొక్కినా పలికేవి. జనం ఆ బటన్లను చూసే కొనేవాళ్ళు. అది నునుపుగారికి తలకొట్టేసినట్టుండేది. ఆయన తయారుచేసిన కొత్త పెట్టెకు ఒక్క బటనూ లేదు, అచ్చం సబ్బుబిళ్ళే. కుదిపితే పాట మారుతుంది. పక్కకు వంచితే శబ్దం పెరుగుతుంది. బోర్లా పెడితే ఆగుతుంది. పదిమందికి నెలపాటు వాడుకోవడానికి ఊరికే ఇచ్చారు. ఎలా ఉందో వాళ్ళే వచ్చి యజమానికి ఇవాళ చెప్పాలి. బాగుందంటే ప్రధాన డిజైనరు కుర్చీ, బాగోలేదంటే గోదాము. గోదాములో అట్టపెట్టెలు సర్దించే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందని సేల్స్ మేనేజరు అడిగినా అడగకపోయినా చెబుతూనే ఉన్నాడు.

ఆ పదిమందిలో ఒకాయన మొదటి వారమే పెట్టెను తిప్పి పంపేశాడు. ఆ ఖాళీలో నునుపుగారు తన అత్తగారిని ఇరికించారు. ఇంటి మనిషి, రెండు మంచి మాటలు చెప్పకపోతుందా అని ఆశ. కానీ ఆవిడ ఉద్యోగమంతా టైపు మిషను మీద వేళ్ళు టకటకలాడించిన మనిషి. బటన్ లేని వస్తువును చూస్తే ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

"అల్లుడుగారూ, మూడు వారాలైంది, ఒక్క పాట పూర్తిగా విన్న పాపాన పోలేదు" అందావిడ, హాల్లో అటూ ఇటూ దబదబా నడుస్తూ. "అడుగుకో పాట! పల్లవి వంటింట్లో, చరణం వరండాలో, అదీ వేరే పాటది. తుమ్మితే చెవులు చిల్లులు పడుతున్నాయి. చెప్పులు తొడుక్కుందామని వంగితే ఆగిపోతోంది."

"అది పెట్టె లోపం కాదు అత్తయ్యగారూ, నడక లోపం."

వంటింట్లో భార్య చేతిలోంచి గిన్నె జారిన చప్పుడైంది.

"ఏమన్నారూ?" అంది అత్తగారు, నడక ఆపి.

"నెమ్మదిగా నడవాలండీ. నెత్తిన నీళ్ళబిందె ఉన్నట్టు, నిటారుగా. తల ఊపకూడదు. తుమ్మొస్తే ఆపుకోవాలి."

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"పైపైన పీల్చుకోండి."

అత్తగారు అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. "సరే. మీ పెట్టె సంగతో నా సంగతో ఇవాళ తేలిపోవాలి. ఆఫీసుకి నడిచే వస్తాను, మీరు చెప్పినట్టే వస్తాను. ఒక్క పాట మారిందా, మీ యజమాని ముందే చెబుతాను" అని చెవులకు తీగలు తగిలించుకుని గడప దాటింది. ఆ నడకన ఆవిడ వీధి చివరికి చేరేసరికి నునుపుగారు ఆఫీసుకు చేరిపోయారు.

ఆఫీసులో వాడుకదారుల గది పొయ్యి మీది గిన్నెలా కుతకుతలాడుతోంది. "కత్తెర ఆడించినప్పుడల్లా పాట మారుతుంటే పని మీద ధ్యాస ఎక్కడుంటుందండీ? ఒకాయనకి సగం మీసం లేపేశాను!" అంటున్నాడు మంగలి. దర్జీకి బట్టల నూగు వల్ల పొద్దస్తమానం తుమ్ములు. తుమ్ముకు పెట్టె వంగడం, వంగితే శబ్దం పెరగడం, ఆ శబ్దానికి అదిరిపడి సూది గుచ్చుకోవడం. మిగతావాళ్ళూ ఇదే రాగం. ఈ మాటలు యజమాని చెవిన పడితే ఇంకేముంది, గోదామే. నునుపుగారు పొద్దున్న అత్తగారి దగ్గర పనిచేసిన మంత్రమే ఇక్కడా వేశారు.

"అయ్యా, లోపం పెట్టెలో లేదు. నడకలో ఉంది. అయిదు నిమిషాల్లో నేర్పిస్తాను."

జనం తిరగబడేవాళ్ళే. కానీ ఆ గుంపులో ఒక డ్రిల్లు మాస్టారు ఉన్నారు. నడక అనే మాట చెవిన పడితే ఆయన ఆగలేరు. "వరసలో నిలబడండి! ఛాతీ ముందుకి! చూపు ఎదుటివాడి వీపు మీద!" అని గట్టిగా అరిచారు. ఆ గొంతు వింటే ఎంత వయసొచ్చినవాళ్ళైనా చిన్నప్పటి బడిలోకి వెళ్ళిపోతారు. గదంతా గప్‌చుప్‌గా వరస కట్టింది. నవ్వకుండా, తల ఊపకుండా, అడుగులో అడుగేసుకుంటూ తొమ్మిదిమందీ వసారాలోకి వచ్చారు. మొట్టమొదటిసారిగా ఒక్కొక్కరికి ఒక్కో పాట పూర్తిగా వినిపించింది. నునుపుగారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే యజమాని తన గది తలుపు తీసుకుని బయటికి వచ్చారు.

యజమాని నోరు పెద్దది, మనసు మెత్తనిది. 'మన యజమాని మన వాడుకదారే' అన్న బోర్డు ఆయన గది బయట వేలాడుతుంది. లోపల కూర్చున్న ఆయనకు ఎప్పుడూ కనిపించేది మాత్రం దాని వెనక వైపే. వంచిన తల ఎత్తకుండా పనిచేసే మనుషుల్ని చూశారు గానీ, ఇంత నెమ్మదిగా, ఇంత గంభీరంగా నడిచే మనుషుల్ని ఆయన ఆ వసారాలో ఎన్నడూ చూడలేదు. పక్కనే తడికళ్ళతో డిజైనరు. యజమాని చటుక్కున చేతులు కట్టుకుని గోడవారగా నిలబడిపోయారు.

"ఎవరయ్యా?" అన్నారు గుసగుసగా, సేల్స్ మేనేజరుతో.

"మనవాళ్ళే సార్" అన్నాడతను.

"అయ్యో! నాకు ఒక్క ముక్క చెప్పలేదేం? మిషన్లు ఆపించు. అందర్నీ హాల్లోకి రమ్మను. పూలచక్రం తెప్పించు."

ఆ కంపెనీలో యజమాని ఒకటి అనుకున్నాక కాదనే అలవాటు ఎవరికీ లేదు. కాదన్నవాళ్ళు గోదాములో ఉన్నారు. మిషన్లు ఆగాయి. మనుషులు వచ్చారు. పోయినవాళ్ళెవరో పక్కవాడికి తెలుసుననుకుని ప్రతివాడూ తలవంచుకున్నాడు. టెలిఫోను దగ్గర కూర్చునే అమ్మాయి అందరికన్నా ముందు ముక్కు చీదింది. ఆమెను చూసి అకౌంటెంటు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"గురూ, పోయిందెవరు?" అని సేల్స్ మేనేజరు నునుపుగారి చెవిలో ఊదాడు.

"నాకేం తెలుసు? నీకే తెలుసన్నారు."

"చచ్చాం" అన్నాడు సేల్స్ మేనేజరు. ఇద్దరూ కలిసి తలలు ఇంకాస్త వంచారు.

మౌనం మొదలైంది. వరసలో మూడోవాడైన దర్జీకి తుమ్ము వస్తోంది. ఆపుకోవాలన్నారు కదా పాపం, ఆపుకుంటున్నాడు. ముఖం ఎర్రబడింది, పెదవులు వణికాయి, కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి. యజమాని అతణ్ణి చూసి చలించిపోయారు. పోయినవారికి అందరికన్నా దగ్గరివాడు ఇతనే అయ్యుంటాడనుకున్నారు. పూలచక్రం తీసుకుని నెమ్మదిగా వెళ్ళి, స్వయంగా అతని మెడలోనే వేసి, "ధైర్యం తెచ్చుకో నాయనా" అని వీపు మీద చెయ్యేసి గట్టిగా తట్టారు.

ఆ దెబ్బకు ఆపుకున్న తుమ్ము బయటపడింది. పూలచక్రానికి చెవి తీగ చిక్కుకుని ఊడొచ్చింది. తీగ ఊడితే పెట్టె బయటికే పాడుతుంది, అదీ నునుపుగారి సొగసే. డోళ్ళు, సన్నాయిలు, ఈలలు కలిసిన ఒక హుషారు పాట హాలంతా మారుమోగింది.

"ఆపవయ్యా!" అన్నారు యజమాని.

దర్జీ పెట్టెనంతా తడిమాడు. నొక్కడానికేం లేదు. కంగారుగా కుదిపాడు, పాట మారింది. అది ఇంకా హుషారైనది. మంగలి సాయానికి ఉరికాడు, ఆ ఊపుకు తన తీగా ఊడిపోయింది. డ్రిల్లు మాస్టారు "ఎవరూ కదలొద్దు!" అని చెయ్యెత్తి అరిచేసరికి ఆయన పెట్టే అందుకుంది. ఆపాలని ఎంత ఊపితే అన్ని పాటలు. టెలిఫోను అమ్మాయి ఏడుపు నవ్వులోకి దిగిపోయింది.

"బోర్లా! బోర్లా పెట్టండి!" అని గొంతు చించుకున్నారు నునుపుగారు.

ఇద్దరు అటెండర్లు దర్జీని చెరో రెక్కా పట్టుకుని, పూలచక్రంతో సహా నేల మీద బోర్లా పడుకోబెట్టారు. పాట ఆగింది.

మిగిలినవాళ్ళు చూసి తమంతట తామే పడుకున్నారు.

యజమాని వాళ్ళందర్నీ పైనుంచి చూశారు. "ముందు ఒక్క సంగతి చెప్పండి. చచ్చిపోయింది ఎవరు?"

నేల మీదనుంచే డ్రిల్లు మాస్టారు అన్నారు: "ఎవరూ పోలేదండీ. నడిస్తే పాట మారిపోతోందని ఈయనే మాకు ఇలా నడవడం నేర్పారు."

యజమాని నునుపుగారి వైపు తిరిగారు. ఈసారి గుసగుస కాదు. "ఏమయ్యా! మనిషికి పెట్టె చేయమంటే పెట్టెకు మనుషుల్ని చేస్తున్నావా? పో! ఈ క్షణమే గోదాముకు పో!"

నునుపుగారు ఏళ్ళ తరబడి కన్న కలంతా కళ్ళముందే బోర్లా పడుకుని ఉంది. దుఃఖం ముంచుకొచ్చింది. ఆ హాల్లో ఇందాకట్నుంచి నిజంగా ఏడ్చినవాడు ఆయనొక్కడే. తలుపు వైపు నడిచారు.

తలుపులో అత్తగారు ఎదురైంది. నిటారుగా, ప్రశాంతంగా, చెవుల్లో తీగలతో.

"అల్లుడుగారూ! మెట్లన్నీ రెయిలింగు పట్టుకోకుండా ఎక్కేశాను. రెండేళ్ళ మోకాలి నొప్పి ఏమైపోయిందో! ఇంత నెమ్మదిగా, తిన్నగా నేనెప్పుడూ నడవలేదు. మందులన్నీ దండగ, ఇదిగో ఈ దిక్కుమాలిన పెట్టే నయం."

"నొప్పి పోయిందా?" అన్నారు యజమాని. ఆయన చెయ్యి అప్రయత్నంగా తన నడుము మీదికి వెళ్ళింది. ఆ నడుము కోసం ఆయన తిరగని వైద్యుడు లేడు. "ఏదమ్మా, ఒకసారి ఇలా ఇయ్యి."

పెట్టె తగిలించుకుని హాలు ఆ చివరనుంచి ఈ చివరకు నడిచారు. మొదటిసారి పాట ఆరుసార్లు మారింది. రెండోసారి రెండుసార్లు. మూడోసారి మారలేదు. తిరిగొచ్చి, నడుము మీద చెయ్యి తీసేసి, నునుపుగారిని కౌగిలించుకోబోయి, పాట మారుతుందని ఆగిపోయారు.

అలా ఆ పెట్టె 'నడక దిద్దే పెట్టె'గా మందుల షాపుల్లోకి వెళ్ళింది. నునుపుగారు ప్రధాన డిజైనరు కుర్చీలో కూర్చున్నారు. ఆరు నెలలకు వాడుకదారుల్ని మళ్ళీ పిలిచారు. అందరూ మెచ్చుకున్నారు. అందరిదీ ఒకటే మనవి.

"నడక బ్రహ్మాండంగా కుదిరిందండీ. మధ్యలో ఈ పాటొక్కటే చిరాకు. దాన్ని ఆపేందుకు ఒక్క బటన్ పెట్టించండి, కాస్త లావుగా."

నునుపుగారు రెండు రోజులు అన్నం సయించక తిరిగారు. మూడో రోజు పెట్టించారు. వేలికి బాగా తగిలేంత ఎత్తుగా. మొదటి పెట్టె అత్తగారికే ఇచ్చారు. ఆవిడ టక్కున నొక్కి, మొదటిసారిగా అల్లుణ్ణి మెచ్చుకోలుగా చూసింది. ఆ సాయంత్రమే భార్య బీరువాలకు పిడులు బిగించుకుంది, ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కంపెనీ పుట్టినప్పటినుంచి అన్నింటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన పాటల పెట్టె అదే. అందులో పాట విన్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఎవరూ తారసపడలేదు.