షారోన్ ఫోన్ ఎత్తలేదు

ఆ సోమవారం పొద్దున మదీనాగూడలో దానియేలు ఇంటివాళ్లు అనుకున్న పని చాలా చిన్నది. కూతురు షారోన్ ఎనిమిదిన్నరకు కారు తీసుకుని మొదటిసారి ఒంటరిగా బయలుదేరాలి. తొమ్మిదింబావుకు మాదాపూర్‌లో ఆఫీసు చేరాలి. చేరగానే ఇంటికి ఫోన్ చేయాలి. అంతే.

షారోన్‌కు ఇరవై రెండేళ్లు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, లైసెన్సు చేతికొచ్చి మూడు వారాలైంది. డ్రైవింగ్ నేర్పింది తండ్రే. దానియేలు ఇరవై ఏడేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో ఆయన బస్సు మీద ఒక్క గీత పడలేదు. ఈ సంగతి ఆయన అడిగినవాళ్లకు చెబుతాడు, అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెబుతాడు.

దసరా సెలవులు కావడంతో ఆ రోజు ఆయన గేటు దగ్గరే నిలబడి చివరి పాఠం చెప్పాడు. "బిడ్డా, బండి కదిలిందంటే ఫోన్ లేదనుకో. నేను చేసినా ఎత్తకు. మీ మమ్మీ చేసినా ఎత్తకు. ఆఖరికి దేవుడే చేసినా బండి పక్కకు ఆపి ఎత్తు."

"దేవుడు ఏమనుకోడా డాడీ?"

"ఏమనుకోడు. ఆయనకు తొందర లేదు. తొందరంతా మనకే."

షారోన్ ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేసి, బ్యాగును వెనక సీట్లో పడేసింది. బెల్టు పెట్టుకుంది. మూడు అద్దాలూ సరిచూసుకుంది. గల్లీలో నిద్రపోతున్న కుక్క తప్ప మరో ప్రాణి లేకపోయినా ఇండికేటర్ వేసి మరీ కుడివైపు తిరిగింది. దానియేలు ఛాతీ రెండంగుళాలు పొంగింది.

పది నిమిషాల తర్వాత ఆయన భార్య రాహేలుకు ఫ్రిజ్ మీద షారోన్ ఆఫీసు కార్డు కనిపించింది. ఆ కార్డు లేకపోతే సెక్యూరిటీవాళ్లు లోపలికి రానివ్వరు. రాహేలు వెంటనే ఫోన్ చేసింది. రింగవుతోంది గానీ ఎవరూ ఎత్తలేదు.

"ఏమండీ, అమ్మాయి ఫోన్ తీయట్లేదు!"

"తీయలేదా? శభాష్!" అన్నాడు దానియేలు.

ఐదోసారి చేసినా తీయలేదు. "చూసినవా? నేనేం చెప్పిన, అది గదే చేస్తున్నది," అన్నాడు. పదకొండోసారికి కూడా ఆయనకు గర్వంగానే ఉంది. కాని తొమ్మిదింబావు దాటింది, తొమ్మిదిన్నర దాటింది. మధ్యలో ఆఫీసు నుంచి షారోన్ టీమ్ లీడ్ సందీప్ ఫోన్ చేసి, "అంకుల్, షారోన్ ఇంకా రాలేదు, ఫోన్ ఎత్తట్లేదు. అంతా ఓకేనా?" అని అడిగాడు. పావు తక్కువ పదికి దానియేలు గర్వం మెల్లగా చల్లబడడం మొదలుపెట్టింది.

రాహేలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. అక్కడే క్యాజువాలిటీలో డ్యూటీలో ఉన్న స్నేహితురాలు భార్గవికి ఫోన్ చేసి, యాక్సిడెంట్ కేసులేమైనా వచ్చాయా అని అడిగింది. అవతల ఒకటే గోల. "ఇప్పుడే ఒకమ్మాయిని తీసుకొచ్చారు రాహేలూ. కాలు విరిగింది. పేరు షర్..." అన్నంతవరకే వినిపించింది. ఆ పేరులో మిగతా సగం తల్లి మనసే పూర్తి చేసుకుంది.

రాహేలు ఏడుస్తూ తమ్ముడు కిరణ్ పాల్‌కు చెప్పింది. కిరణ్ పాల్ చర్చిలో యువజన సంఘం పెద్ద. రెండు నిమిషాల్లో ప్రార్థన గ్రూపులో సందేశం పెట్టాడు. ఒకరు దాన్ని చదివి మరొకరికి చెప్పేటప్పటికి ఒక కాలు రెండు కాళ్లయింది. ఇంకొకరి నోట ఐసీయూ అయింది. అలా ఊరంతా తిరిగి, జహీరాబాద్‌లో ఉన్న దానియేలు అన్నగారి ఫోన్ రూపంలో ఆ వార్త మళ్లీ ఇంటికే చేరింది.

"తమ్మీ, పోరి కారు పోయి స్కూలు బస్సుకు గుద్దిందట గద!"

"ఏ స్కూలు బస్సన్నా?" అని అడిగాడు దానియేలు. అంత పరేషానులోనూ ఆ ప్రశ్న ఆయన నోటికి అలవాటుగా వచ్చేసింది.

రాహేలు తమ్ముడి కారులో ఆసుపత్రికి బయలుదేరింది. దానియేలు మాత్రం కూతురు వెళ్లిన దారినే వెతుక్కుంటూ బైకు మీద వెళ్లాడు. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ మీద పగిలిన అద్దాల కోసం చూశాడు. ఎక్కడా లేవు. కొండాపూర్ దగ్గరకు వచ్చేసరికి కిరణ్ పాల్ ఫోన్ వచ్చింది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "దొరికిందా? ఏ వార్డు?" అని అరుస్తూ ముందుకు సాగాడు.

సిగ్నల్ దగ్గర ఒక చెయ్యి పైకి లేచింది. ట్రాఫిక్ ఎస్సై ప్రశాంతి ఆయన్ను పక్కకు పిలిచింది.

"హెల్మెట్ ఏదీ?"

దానియేలు నెత్తి తడుముకున్నాడు. నెత్తి మాత్రమే తగిలింది.

"ఫోన్ మాట్లాడుకుంట నడిపిస్తున్నరు. ఈ వయసుల గిదేం పని పెద్దాయనా?"

"మేడం, నా బిడ్డకు యాక్సిడెంట్ అయింది..."

ఎస్సై ముఖంలో కోపం పోయింది. "ఎక్కడ? ఏ బండి?" అంటూ వాకీటాకీ తీసింది. దానియేలు నెంబరు చెప్పబోయాడు. కళ్లెదుట ఆ నెంబరే కనిపించింది. సిగ్నల్ పచ్చపడింది, తెల్లకారు ముప్పై వేగంతో నింపాదిగా వస్తోంది. లోపల షారోన్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, నిటారుగా, ఒక్క గీత లేకుండా ఉంది.

దానియేలు రెండు చేతులూ ఊపాడు. ఎగిరాడు. "బిడ్డా! బిడ్డా!" అని అరిచాడు. షారోన్ ఓరకంట చూసింది, మళ్లీ రోడ్డు వైపు చూసింది. ఇండికేటర్ వేసి ముందుకు వెళ్లిపోయింది.

"ఆమెనా మీ బిడ్డ?" అని అడిగింది ఎస్సై.

"ఆమెనే మేడం."

"మరి ఆపలేదేంది?"

"సిగ్నల్ కాడ ఆపొద్దు గద మేడం," అన్నాడు దానియేలు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "నేనే నేర్పిన."

ఐదు నిమిషాల తర్వాత షారోన్ నడుచుకుంటూ వచ్చింది. కారును దూరంగా పార్కింగ్‌లో పెట్టి, జీబ్రా గీతల మీదుగానే రోడ్డు దాటింది. తాను తిరగాల్సిన యూటర్న్ దాటిపోతే రాంగ్ రూట్‌లో వెనక్కి రాకుండా మూడు కిలోమీటర్లు ముందుకెళ్లి తిరిగానని, అక్కడ రోడ్డు తవ్వేసి ఉండటంతో గంట ఇరుక్కున్నానని చెప్పింది. ఫోన్‌లో నలభై ఆరు మిస్డ్ కాల్స్ చూసి బిత్తరపోయింది. తల్లికి ఫోన్ చేసింది.

అవతల రాహేలు సంతోషంతో ఏడ్చింది. కాలు విరిగిన షర్మిల అనే అమ్మాయి మంచం చుట్టూ అప్పటికే పద్దెనిమిది మంది చర్చివాళ్లు బత్తాయిలు పట్టుకుని నిలబడి ప్రార్థన చేస్తున్నారట. ఆ అమ్మాయి వద్దనలేదట. తన తరఫువాళ్లు ఇంకా రాలేదు, వీళ్లయినా ఉన్నారు కదా అందట.

"అయితే యాక్సిడెంట్ లేదు," అంది ఎస్సై. "హెల్మెట్ లేకపోవుడు, ఫోన్ మాట్లాడుడు మాత్రం ఉన్నయ్. ఇప్పుడు గీ పక్క ట్రాఫిక్ స్టేషన్ల కౌన్సెలింగ్ క్లాసు మొదలైతది, పోయి కూర్చోండ్రి. ఇంటివాళ్లు ఒకరు పక్కనుండి హామీ రాసియ్యాలె. హెల్మెట్ తెచ్చి చూపించినంకనే బైకు ఇస్తం."

షారోన్ సందీప్‌కు ఫోన్ చేసి సగం రోజు సెలవు అడిగింది. క్లాసులో ముప్పై మంది కూర్చున్నారు. అందరూ ఇరవై దాటీ దాటని పిల్లలే. వాళ్ల పక్కన తలలు వంచుకున్న తల్లిదండ్రులు. ఒక్క బల్ల దగ్గర మాత్రం తండ్రి తల వంచుకుని కూర్చుంటే, కూతురు కాగితం మీద రాస్తోంది: 'మా నాన్న ఇకముందు ఇలా చేయకుండా చూసుకునే బాధ్యత నాది.'

ముందు వరుసలో ఉన్న కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "అంకుల్, నువ్వు గూడ దొరికినవా?"

దానియేలు లేచి నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్ల లెక్క చెబుతాడేమోనని షారోన్ కళ్లు మూసుకుంది. ఆయన అది చెప్పలేదు.

"దొరికిన తమ్మీ. తప్పు చేసిన, దొరికిన. పాణం ఆగలే, నెత్తి మీద ఏం లేకుండనే ఉరికిన. నాకేమన్న అయితే ఇంట్ల ఇద్దరు దిక్కులేనోళ్లు అవుదురు. కని ఈమెను జూడు. అందరం కలిసి నలభై ఆరు సార్లు ఫోన్ చేసినం. ఒక్కసారి ఎత్తలే. కన్నతండ్రి రోడ్డు మీద ఎగిరితే గూడ ఆగొద్దన్న కాడ ఆగలే. ఈమె నా బిడ్డ."

గదిలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఎస్సై కూడా కొట్టింది. షారోన్ ముఖం కాగితంలో దాచుకుంది. చెవులు మాత్రం ఎర్రగా కనిపించాయి.

మధ్యాహ్నం కూతురు నడుపుతుంటే దానియేలు పక్క సీట్లో కూర్చుని ఇల్లు చేరాడు. తన బిడ్డ తనకంటే బాగా నడుపుతుందని ఆ సాయంత్రం గల్లీలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చెప్పాడు. దారి పొడవునా తన వైపు లేని బ్రేకును తొక్కిన కుడికాలు నొప్పిపుట్టడం వల్ల, కాస్త కుంటుతూ చెప్పాడు.